ఎవరూ తాకని రోజులు

కిషన్ నాకు చేసిన అన్యాయాల్లో అన్నిటికంటే చిన్నది ఏదంటే, ఇవాళ కూడా బండిలో ముందు సీటు వాడిదే. కిషన్ మా ఫోర్‌మన్, పక్క ఊరివాడు, వరసకు బావ, నాకు ఈ వీసా తీసినవాడు. ఇవాళ శుక్రవారం, డ్యూటీ లేదు, హనుమంతుడి దీక్ష నాది, విప్పాల్సిన మాల నా మెడలోది, బండి కదిలింది నా కోసమే, అయినా డ్రైవర్ అబ్బులు పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నది వాడు. నేను చివరి సీటులో మూలకు ఒదిగి, వీపు రేకుకు ఆనించి కూర్చున్నాను. వెనక ఎవరూ లేరని వీపుకు తెలిస్తేనే ఈ మధ్య నాకు ఊపిరి సరిగ్గా ఆడుతోంది. పక్కన తాడుతో కట్టిన నా పరుపు, నా పెట్టె. నువైద్రాత్ కూలీల క్యాంపులో నా మంచం పొద్దున్నే ఇంకొకడికి ఇచ్చేశారు. ముందు బుదైయా పోతాం, అక్కడ తోటలో పనిచేసే గురుస్వామి లక్ష్మణ్ నా మాల తీస్తాడు, ఆ తర్వాత సముద్రం వెంట కిందికి దిగి జల్లాఖ్ పోతాం. జల్లాఖ్‌లో కొత్తగా కడుతున్న రిసార్టు దగ్గర సామాన్ పోతోందట, కాపలాకు ఇద్దరు అక్కడే పడుకోవాలట. ఒక క్యాబిన్, రెండు మంచాలు. ఒకటి నాది, రెండోది కిషన్‌ది. ఎవరెవరు పోవాలో ఆఫీసుకు చెప్పింది కూడా కిషనే.

బండి సందుల్లోంచి పెద్ద రోడ్డెక్కింది. కిషన్ మోకాళ్ళకు రాసుకునే నొప్పుల బామ్ వాసన ఏసీ గాలితో వెనక దాకా వస్తోంది, నోట్లో నీళ్ళూరుతున్నాయి, వాంతికి ముందు ఊరే పల్చటి నీళ్ళు, అద్దం కొంచెం జరిపితే ముందు నుంచి గొంతు, "అద్దం మూయి స్వామీ, బయటి ఎండంత లోపటికి అస్తాంది," మూశాను, వాడు చెబితే ఇప్పటికీ మూస్తాను, చెయ్యి దానంతట అదే పోయి మూస్తుంది, మూశాక ఆ చేతిని చూస్తూ కూర్చుంటాను, ఇది ఎవరి చెయ్యి అని. ఇది బామ్ వాసన, అంతే, అని చెప్పుకుంటాను, ఇది బండి, ఇది పగలు, అబ్బులు ఉన్నాడు, రోడ్డు మీద మనుషులున్నారు. చెప్పుకుంటూ ఉండగానే వాన మొదలవుతుంది. బయట ఎండకు తారు మెరుస్తోంది, నా చెవుల్లో మాత్రం రేకుల మీద వాన. ఈ ఎడారి దేశంలో వాన ఎప్పుడో ఒకసారి వస్తుంది, వచ్చిన రోజు రోడ్లన్నీ చెరువులై పనులు ఆగిపోతాయి. అలాంటి ఒక రోజు మధ్యాహ్నమే కిషన్ అందరినీ క్యాంపుకు పంపేసి, సిమెంటు తడుస్తోంది రా బామ్మర్దీ, ఒక చెయ్యెయ్యి అని నన్ను స్టోరులోకి పిలిచాడు. గొళ్ళెం పడిన చప్పుడు గుర్తుంది. బస్తా మీద అచ్చేసిన ఒంటె బొమ్మ గుర్తుంది, దాని కన్ను దగ్గర సిరా అలుక్కుపోయి ఏడ్చినట్టుంది. దాన్నే చూస్తూ ఉన్నాను. జరిగినదానికి పేరేమిటో నాకు తెలుసు, ఏడో తరగతితో బడి మానేసినా పేపరు చదవడం వచ్చు, ఆ మాట ఎప్పుడూ ఆడపిల్లల పేర్ల పక్కనే చూశాను. నలభై ఏడేళ్ళ మగాడి పక్కన, మీసం నెరిసినవాడి పక్కన, ఎక్కడా చూడలేదు.

సిమెంటు బస్తాలు ఒంటి చేత్తో భుజానికెత్తుకునే మనిషిని. ఒక్క తోపు తోస్తే కిషన్ గోడకు అంటుకుపోయేవాడు. తోయలేదు. అరవలేదు. అరుద్దామని నోరు తెరిచిన గుర్తు కూడా లేదు. పాము మీద కాలు పడబోయినప్పుడు మనిషి ఆగిపోతాడు చూడండి, కాలు గాల్లోనే, ఊపిరి గొంతులోనే, అలా ఆగిపోయాను, ఆ ఆగడం అంతా అయ్యేదాకా ఆగింది. నేను పైన రేకుల దగ్గరెక్కడో ఉన్నట్టు, కింద ఎవడో ముసలి కూలికి ఏదో అవుతున్నట్టు. అంతకంటే చెప్పుకోలేనిది ఇంకొకటుంది. ఆ నొప్పిలో, ఆ భయంలో, నా ఒళ్ళు నన్ను అడగకుండా దాని దారిన అది స్పందించింది. వాడు చూశాడు. "జూసినవా," అని నవ్వాడు. తుమ్మును ఎవడాపుకుంటాడు, చలికి రోమాలు లేస్తే అది ఇష్టమా, ఇవన్నీ నాకు నేను వెయ్యిసార్లు చెప్పుకున్నాను, తర్కం గెలుస్తూనే ఉంది, నేను ఓడుతూనే ఉన్నాను. వాణ్ణి క్షమించే ప్రశ్న లేదు. నా ఒంటితోనే ఇంకా మాట కలవలేదు, ఒకే కంచంలో తింటున్న ఇద్దరు పగవాళ్ళలా ఉన్నాం.

స్టోరు నుంచి క్యాంపుకు ఎలా వచ్చానో తెలియదు. అక్కడ తెగిపోయింది. మళ్ళీ గుర్తొచ్చేది మర్నాడు పొద్దున, ఆ వారం వంట వంతు నాది, కిషన్ గ్లాసు పట్టుకుని వచ్చాడు, వాడికి చాయ్ పోశాను. చక్కెర సరిపోయిందా బావా అని కూడా అడిగాను. ఎందుకడిగానో ఆ దేవుడికే తెలియాలి. పంచాయితీలో ఎవరైనా పెద్దమనిషి ఈ ముక్క పట్టుకుంటాడు, అంత జరిగితే పొద్దున్నే లేచి చాయ్ ఎట్ల పోసినవ్ అంటాడు. చాయ్ పోస్తే నిన్నటిది జరగనట్టు అవుతుందని అనుకున్నానేమో. చక్కెర గురించి అడిగితే వాడు మళ్ళీ మామూలు బావ అయిపోతాడని.

మనామా పోయే ఫ్లైఓవర్ కింద బండ్లన్నీ ఆగిపోయాయి. సెలవు రోజు, సౌదీ వంతెన దాటి వచ్చిన కార్లు, ముందు ఎక్కడో ఏదో గుద్దుకుంది. బండి ఆగితే నాకు కష్టం. కదులుతున్నంత సేపు ఏదో దాటుతున్నట్టుంటుంది, ఆగితే తలుపులు గుర్తొస్తాయి. ఈ బండికి వెనకవైపు తలుపు ఒకటే, దాని పిడి బయట ఉంది. కిషన్ వెనక్కి తిరిగాడు. "ఏంది స్వామీ, మూలకు ముడుసుకొని కోడిపెట్ట లెక్క కూసున్నవ్. ఇయ్యాల్టితోని నీ స్వామితనం ఖతం. మల్ల నేను బావను, నువ్వు బామ్మర్దివి." నవ్వాడు. అబ్బులు నవ్వలేదు, రోడ్డు చూస్తున్నాడు. నేను నవ్వాను. ముఖం అలా చేసేస్తుంది.

బావా బామ్మర్దులు అన్నదే నా ఉరితాడు. ఒకసారి చెప్పాను నేను, చెప్పలేదు అనుకోకండి. పదిమందిమి గదిలో అన్నాలకు కూర్చున్నప్పుడు, కిషన్ లేనప్పుడు, కంచంలోకి చూస్తూ, కిషన్ నన్ను స్టోరులో బలవంతం చేసిండు అని, జరిగింది జరిగినట్టు, తెలుగులోనే చెప్పాను. ఎవరైనా ఒకడు చెయ్యి కడుక్కుని లేస్తాడనుకున్నాను. తర్వాత మూలన కూర్చున్నవాడు, "బావ గాకపోతే పాలోడు జేస్తడా ముత్తన్నా," అన్నాడు, గదంతా పగలబడి నవ్వింది. ఇంకొకడు, "పసుపు కుంకుమ ఎప్పుడు వెడుతుండో అడుగు." మా దిక్కు బావా బామ్మర్దుల మధ్య ఎంత మాటైనా చెల్లుతుంది, ఆ వరసలో ఏదన్నా సరసమే, కోపం తెచ్చుకున్నవాడే బుద్ధిలేనివాడు. పెళ్ళిలో నడిబజార్లో బావ పంచె లాగితే తల్లులు కూడా నవ్వుతారు. అదే నేను పాలోడు, అంటే తమ్ముడి వరసవాడి పేరు చెప్పి ఉంటే కర్రలు లేచేవి. నేను ఆ నవ్వులో కలిసి నవ్వాను, అన్నం పొలమారింది, ఎవరో నెత్తి మీద తట్టారు, ఆ తట్టినవాడి చెయ్యి పట్టి మెలేశాను, వాడు కుయ్యోమన్నాడు. అప్పుడు నవ్వులు ఆగాయి. అప్పటి నుంచి నాకు పిచ్చి లేచిందని పేరు.

నిజంగానే పిచ్చిలాగే ఉండేది. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే చేతిలో ఏముంటే అది విసిరేవాణ్ణి. కారం తినలేకపోయాను, దొడ్డికి పోవాలంటే కన్నీళ్ళు, అందుకని తినడం తగ్గించాను, బెల్టుకు కొత్త రంధ్రం పొడిచాను. నీళ్ళు మాత్రం పోసుకునేవాణ్ణి, పొద్దున, డ్యూటీ నుంచి రాగానే, మళ్ళీ అన్నం ముందు, ఈ దేశపు ట్యాంకు నీళ్ళు వేసవి రాకముందే కాలిపోతాయి, ఆ కాలే నీళ్ళే, సబ్బుతో, తర్వాత గిన్నెలు తోమే పీచుతో. చర్మం తెల్లగా పొట్టు రాలింది. "టాంకి మొత్తం నువ్వే గుంజుతున్నవ్ ముత్తన్నా," అని బయట బకెట్లు మోగించేవాళ్ళు. కళ వీడియో ఫోన్ చేసేది. నా పెళ్ళాం ముఖం చూడటానికే ఇన్నేళ్ళు శుక్రవారం కోసం ఎదురుచూసినవాణ్ణి, కెమెరా గోడ వైపు తిప్పి మాట్లాడేవాణ్ణి. "మొకం ఎందుకు సూపియ్యవు, ఆడ ఎవలనన్న వెట్టుకున్నవా," అంది. కోపంతో ఫోను మంచం మీద పడేశాను, అందులోంచి "హలో, హలో" అని ఆమె గొంతు దుప్పటి కింద నుంచి చాలాసేపు వచ్చింది.

చేతులు వణుకుతున్నాయని కంపెనీ వాళ్ళు క్లినిక్‌కు పంపారు. పంపితే తోడు ఎవరు వస్తారు, భాష తెలిసిన ఫోర్‌మన్ వస్తాడు. అక్కడ ఉన్నది మన తెలుగు డాక్టరమ్మే, ఉజ్వల అని చొక్కా మీద ఉంది, మా కూతురంటే నమ్మే వయసు. "నిద్ర పడుతోందా అండీ?" అని నన్నడిగింది. "మంచిగ పంటడు మేడం, గురక వెడ్తడు," అన్నాడు కిషన్. ఆమె వాడి వైపు చూడకుండానే, "ఆయన్ని అడిగాను. మీరు కాసేపు బయట కూర్చోండి," అంది. వాడు వెళ్ళాడు. తలుపు పూర్తిగా వెయ్యలేదు, ఆ సందులోంచి వాడి మోకాలు కనిపిస్తోంది. ఆమె కుర్చీ దగ్గరకు జరుపుకుని, "ఎవరైనా ఏమైనా చేశారా?" అంది, మెల్లగా, బడిలో దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి అడిగినట్టు. చెబుదామని నోరు తెరిచాను. నేను ఆ మోకాలినే చూస్తున్నాను, అది ఊగడం ఆగిపోయింది, వింటోంది. "గ్యాస్ అమ్మా," అన్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది. "మళ్ళీ రండి. ఒక్కరే రండి," అంది. ఒక్కణ్ణే ఎలా రావాలో ఆమెకు ఎవరు చెప్పాలి, క్యాంపు నుంచి బండి లేకుండా.

దీక్ష ఆలోచన భక్తితో రాలేదు. హనుమంతుడికి ఆ సంగతి తెలుసు, ఆయన ఏమీ అనలేదు. ముందటేడు గదిలో ఒకడు మాల వేసుకున్నప్పుడు చూశాను. కాషాయం కట్టినవాణ్ణి తాగినవాడు ముట్టడు, మాంసం తిన్నవాడు ముట్టడు, పడుకునే చాప వేరు, తినే కంచం వేరు, తెల్లారకముందే తల మీద నీళ్ళు, పొద్దుగూకగానే మళ్ళీ నీళ్ళు, ఎన్ని పోసుకున్నా అడిగేవాడు లేడు. అన్నిటికంటే ముఖ్యం, స్వామి ముందు బూతు కూడదు, సరసం కూడదు. వరసలన్నీ రద్దు. కన్నతల్లి అయినా స్వామీ అనాల్సిందే. కిషన్ రోజూ సాయంత్రం తాగుతాడు. మాల పడిన రోజు వాడు నా మంచం దగ్గరికి వచ్చి, చెయ్యి చాపబోయి, ఆగి, వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజు అన్నం తిన్నాను. మండలమంతా, నలభై ఒక్క రోజులూ, ఒక్క మనిషి వేలు నా మీద పడలేదు. చేతుల వణుకు తగ్గింది, నేల మీద గోడకు వీపు పెట్టుకుని పడుకుంటే నిద్ర కూడా వచ్చేది. కానీ మండలం ఎంత సాగదీసినా మండలమే. గురుస్వామికి ఫోన్ చేసి ఇంకో మండలం ఉండొచ్చా అని అడిగాను. "ఉండచ్చు స్వామీ, మొక్కేమన్న ఉన్నదా?" అన్నాడు. మొక్కు ఏదని చెప్పను. లేదన్నాను. అయితే శుక్రవారం రా అన్నాడు. ఆ శుక్రవారానికే జల్లాఖ్ మంచాలు పడ్డాయి.

వదిలేసి పో అంటారు, నాకు నేను కూడా అంటాను. ఎటు పోవాలి. పాస్‌పోర్టు మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఆఫీసు బీరువాలో ఉంది. వీసాకు కట్టే డబ్బులేక ఊళ్ళో మడి కిషన్ అన్న పేర కాగితం రాసిచ్చాను, ఒప్పందం నిండేదాకా కిషన్ కింద పనిచేస్తే మడి మళ్ళీ నాది, మధ్యలో వదిలితే వాళ్ళది. రాసేటప్పుడు అందరం నవ్వుతూనే రాశాం, బావ దగ్గర కాగితమేంట్రా అని. ఒప్పందానికి ఇంకా ఏడాది పైన ఉంది. జల్లాఖ్‌లో ఆ ఏడాదికి ఎన్ని రాత్రులు.

బుదైయా రోడ్డు మలుపులో కోల్డ్ స్టోర్ అనే చిల్లర కొట్టు ముందు ఆపించి, సిగరెట్లకని కిషన్ దిగాడు. వాడు దిగగానే బండి ఇటు ఒరిగి సర్దుకుంది. నేనూ సర్దుకున్నాను. అద్దంలోంచి అబ్బులు నన్నే చూస్తున్నాడు. కోనసీమవాడు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు.

"ముత్తన్నగారూ, ఓ మాట అడుగుతానండి, తప్పుగా అనుకోకండి. ఈ జల్లాఖ్ డ్యూటీ మీరు అడిగి వేయించుకున్నారా అండి?"

నేను పరుపు తాడు ముడి సవరించాను.

"వానొచ్చిన్రోజు స్టోరు కాడ మిమ్మల్ని ఎక్కించుకుంది నేనేనండి. ఒక కాలికి బూటు లేదు. హీటరేశాను, అయినా మీ పళ్ళ టకటక ఆగలేదండి. ఏమైందండీ అంటే సిమెంటు తడిసింది, సిమెంటు తడిసింది అని దారంతా అదే మాటండి."

తెగిపోయిన చోటు అలా అతుక్కుంది. ఇంతకాలం నేను ఒక్కణ్ణే మోస్తున్నాననుకున్నది ఇంకొకడి కళ్ళలో కూడా ఉంది. సంతోషించాలి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇన్ని రోజులు, అదే బండిలో, పొద్దునా సాయంత్రం, అదే అద్దంలోంచి చూస్తూ ఊరుకున్నాడు.

"ఒక్కపారి అడగకపోయినవా," అన్నాను.

"అడిగితే ఆ తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలీదండి. అందుకే అడగలేదండి."

"ఇప్పుడు ఎరికైందా?"

"ఇప్పుడూ తెలీదండి." కోల్డ్ స్టోర్ తలుపు వైపు చూశాడు. "పరుపు మటుకు మీరు ఎక్కడ దింపమంటే అక్కడ దింపుతానండి."

కిషన్ వచ్చాడు, కిటికీలోంచి జ్యూస్ డబ్బా నా ఒళ్ళోకి విసిరాడు, తాగు స్వామీ ఆఖరుపారి అన్నాడు. తాగలేదు. చల్లటి డబ్బాను మణికట్టుకు ఆనించుకుని కూర్చున్నాను. ఎక్కడ దింపమంటే అక్కడ. మనిషికి నిలబడే చోటుంటే కదా చెప్పడానికి. కిటికీలోంచి పెద్ద పెద్ద విల్లాల గోడలు, గోడల మీద కాగితం పూలు, ఆ వెనక ఖర్జూరపు తలలు, ఒక్కో గోడ దాటుతుంటే ఇక్కడ చెబుతాను, లేదు ఆ తర్వాతి దాని దగ్గర అని, గోడలు అయిపోయాయి, తోట గేటు వచ్చింది.

లక్ష్మణ్ గురుస్వామి కొత్తిమీర మళ్ళకు నీళ్ళు కట్టి, రేకుల కొట్టంలో పటం ముందు దీపం పెట్టి ఉంచాడు. కొబ్బరికాయ కొట్టాడు. "ఇంటికాడైతే అవ్వ చేతుల మీద తియ్యాలె. ఈ దేశంల నీకు అవ్వనైనా నేనే, అయ్యనైనా నేనే," అంటూ నా తల మీద నుంచి మాల పైకి తీశాడు. మెడ చుట్టూ గాలి తగిలింది. అంతే, అంత తేలిక. కొట్టం బయటికి వచ్చి చెప్పుల్లేని కాళ్ళతో గట్టు మీద నిలబడ్డానో లేదో, భుజం మీద చెయ్యి పడింది.

"నడువ్ బామ్మర్దీ, ఎండ ముదురుతాంది."

బరువు తెలిసిన చెయ్యి. వేళ్ళ చివర్ల నుంచి చల్లబడటం మొదలైంది, చెవుల్లో రేకుల మీద వాన, ఊపిరి గొంతులో, ఇక పైకి పోవాలి నేను, కింద ఉన్నవాణ్ణి వదిలేసి. కానీ పాదాలు మడిలోకి జారాయి. నీళ్ళు కట్టిన మన్ను చీలమండల దాకా పట్టుకుంది, చల్లగా, మెత్తగా, వేళ్ళ సందుల్లోంచి పైకి వచ్చింది. అది ఎవరి కాలో నాకు తెలిసింది. అక్కడే, కొత్తిమీర మీదే, కూలబడ్డాను.

"నేను రాను."

"ఏంది?"

"జల్లాఖ్ రాను. నన్ను ముట్టకు."

గురుస్వామి నవ్వబోయాడు, బావా బామ్మర్దుల ముచ్చట అనుకుని. నా పళ్ళు టకటకలాడుతున్నాయి, ఆ ఎండలో. ఆయన నా ముఖం చూశాడు, కిషన్ ముఖం చూశాడు, నవ్వు పెదాల మీదే మానుకున్నాడు. బండి వెనక తలుపు తీసిన చప్పుడైంది. అబ్బులు నా పరుపు తెచ్చి కొట్టం గోడకు ఆనించాడు, మళ్ళీ వెళ్ళి పెట్టె తెచ్చాడు. ఎవరి వైపూ చూడలేదు.

కిషన్ నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు, గొంతు తగ్గించాడు, ప్రేమగానే. "సోంచాయించు ముత్తన్నా. నీ పాస్‌పోర్టు కఫీల్ తాన ఉన్నది. రేపటిసంది నువ్వు కల్లివెల్లివి, పారిపోయినోనివి, పోలీసులు కనవడితే దాక్కోవాలె, ఇంటికి పోరాదు, పని దొరకదు. ఆడ మా అన్న మడి దున్నుతడు. ఎందుకు ఇడిసినవని నీ పెండ్లాం అడుగుతె ఏమని చెప్తవ్?"

అన్నీ నిజాలే. ఈ తోట గేటు దాటి ఎన్ని నెలలు బయటికి పోలేనో తెలియదు, కళకు ఏమని చెబుతానో తెలియదు, గురుస్వామి ఎన్నాళ్ళు అన్నం పెడతాడో ఆయన్నింకా అడగనేలేదు. పళ్ళు కొట్టుకుంటూనే ఉన్నాయి, వాటి సందుల్లోంచే మాట బయటికి తోశాను.

"దున్నుకొమ్మను."

వాడు లేచి, మోకాళ్ళకంటిన మట్టి దులుపుకున్నాడు. అక్కడే ఫోను తీసి వాళ్ళన్నకు కలిపాడు. అలా పోయింది, ఊరికి తూర్పున, కాలువ నీళ్ళు నేరుగా పారే రెండు పంటల మడి, ఎకరం పదకొండు గుంటలు.